స్క్రాచ్ టికెట్లకు "సిస్టమ్" నిజంగా పనిచేస్తుందా? రోల్ లెక్కలు, లక్కీ కాయిన్, 9 నంబరు: తెలిసినవాళ్ళు చెప్పండి

#1 ఫ్రిస్కో_శీను (శనివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. డాలస్ చుట్టుపక్కల మన వాళ్ళలో స్క్రాచ్ టికెట్లు (పూత గీకి చూసే లాటరీ టికెట్లు) కొనేవాళ్ళు చాలామందే ఉన్నారు. గ్యాస్ కొట్టించుకోవడానికి ఆగినప్పుడు ఒకటో రెండో తీసుకుంటారు. మా స్నేహితుల్లో ఒక్కొక్కరికి ఒక్కో పద్ధతి ఉంది. ఒకతను కొత్త రోల్ తెరిచినప్పుడు మొదటి టికెట్ మాత్రమే కొంటాడు, బోణీ టికెట్ అంటాడు. ఇంకొకతను దానికి పూర్తిగా ఎదురు. రోల్‌లో వరసగా చాలా టికెట్లు పోయాయని క్లర్క్ చెబితేనే కొంటాడు, "ఇక తగలక తప్పదు" అని అతని లెక్క. మరొకాయన టికెట్ నంబరు అంకెలన్నీ కూడితే 9 రావాలంటారు, హైదరాబాద్‌లో ఆయన కారు నంబరు కూడా అంతే. ఒకావిడ ఇండియా నుంచి తెచ్చుకున్న రూపాయి బిళ్ళతో తప్ప గీకరు. రాహుకాలం చూసుకునేవాళ్ళు సరేసరి.

నాకు ఇవేవీ పట్టవు. నేను కొనే ముందు టెక్సస్ లాటరీ వెబ్‌సైట్‌లో ఏ గేమ్‌లో ఎన్ని పెద్ద బహుమతులు మిగిలాయో చూస్తాను. నాది తెలివైన పద్ధతేనని నా నమ్మకం. వీటిలో ఏది నిజంగా అవకాశాన్ని పెంచుతుంది? స్టోర్‌లో పనిచేసినవాళ్ళు, లెక్కలు తెలిసినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

#2 ఖమ్మం_కుర్రోడు (శనివారం, రాత్రి 9:50)

శీను అన్నా, మా బాబాయి వాళ్ళ స్టోర్‌లో నైట్ షిఫ్ట్ నేనే చూస్తాను. కౌంటర్ అవతల నుంచి నీకు కనబడేది వేరు, ఇవతల నుంచి మాకు కనబడేది వేరు.

టికెట్లు మాకు ప్యాక్‌లుగా వస్తాయి, మీరు రోల్ అనేది అదే. ప్యాక్‌ను యాక్టివేట్ చేసి అద్దాల పెట్టెలో పెడతాం. ప్రతి టికెట్ మీద గేమ్ నంబరు, ప్యాక్ నంబరు, ఆ ప్యాక్‌లో దాని వరుస నంబరు ఉంటాయి. కాబట్టి "ఇప్పుడు ఎన్నో నంబరు నడుస్తోంది?" అని అడిగితే చెప్పగలం. కానీ ఇంతకుముందు పోయినవాటిలో ఎన్ని తగిలాయో మాకు తెలియదు. సగం మంది బయటికి తీసుకెళ్ళి కారులోనో ఇంట్లోనో గీకుతారు. తగిలితే వేరే స్టోర్‌లో డబ్బు తీసుకుంటారు. ఎవరో నలుగురు కౌంటర్ దగ్గరే గీకి పారేస్తే "ఈ రోల్ చల్లగా ఉంది, ఇక వేడెక్కుతుంది" అని పక్కన నిలబడ్డవాళ్ళు మొదలుపెడతారు. అమ్ముడుపోతుంది కదా అని క్లర్కులు కూడా తలూపుతారు. నేను అలా తలూపను, అడిగినవాళ్ళకి నాకు తెలియదనే చెబుతాను.

#3 సంభావ్యత (శనివారం, రాత్రి 10:35)

స్టాటిస్టిక్స్ బోధిస్తాను. శీను గారి ప్రశ్నలో రెండు రకాల నమ్మకాలు కలిసిపోయాయి, వాటిని విడదీయాలి.

మొదటి రకం: నాణెం, సమయం, అంకెల కూడిక, ఎవరి చేత్తో గీకారు అన్నవి. వీటికి ఫలితంతో సంబంధం ఉండే దారే లేదు. 1974లో మసాచుసెట్స్‌లో కంప్యూటర్‌తో తయారైన మొదటి ఇన్‌స్టంట్ టికెట్లు అమ్మకానికి వచ్చాయి. జాన్ కోజా, డేనియల్ బోవర్ అనే ఇద్దరి సంస్థ వాటిని తయారుచేసింది. అప్పటి నుంచీ పద్ధతి ఒకటే. గేమ్ మొత్తానికి ఎన్ని టికెట్లు, ఎన్ని బహుమతులు అన్నది ముందే నిర్ణయిస్తారు. ఏ టికెట్‌కి ఏది అన్నది కంప్యూటర్ కలగాపులగం చేసి ప్రింట్ చేస్తుంది. పూత గీకడానికి చాలా ముందే, టికెట్ ప్రెస్ నుంచి బయటికి వచ్చినప్పుడే, అది గెలిచేదో ఓడేదో తేలిపోయింది. రూపాయి బిళ్ళతో గీకినా గోరుతో గీకినా లోపల ఉన్న అచ్చు మారదు. రాహుకాలం మీద ఎంత నమ్మకం ఉన్నా, ఆ టికెట్ అచ్చైన ముహూర్తం మీకు తెలియదు కదా.

రెండో రకం: రోల్ లెక్క, మిగిలిన బహుమతుల లెక్క. వీటిలో కొంత నిజం ఉంది. ఎంత అన్నదే ప్రశ్న.

ఇంకో సంగతి. టికెట్ వెనక "మొత్తం మీద 4లో 1కి బహుమతి" లాంటి మాట ఉంటుంది. ఆ ఒకటిలో పెట్టిన డబ్బు మాత్రమే తిరిగొచ్చేవి కూడా కలిసి ఉంటాయి. 10 డాలర్లు పెట్టి 10 డాలర్లు తీసుకుంటే గెలిచినట్టు అనిపిస్తుంది, జేబులోకి వచ్చింది మాత్రం సున్నా. అమెరికాలో మామూలుగా చవక టికెట్లు డాలరుకి 60 సెంట్లకు అటూ ఇటూ, ఖరీదైనవి 70 సెంట్లకు పైన తిరిగి ఇస్తాయి. ఏ సిస్టమ్ అయినా ముందు ఆ 30, 40 సెంట్ల గుంటను పూడ్చాలి. ఆ తర్వాతే లాభం.

#4 అప్పారావు_శ్రీకాకుళం (ఆదివారం, ఉదయం 7:20)

లెక్కలు చెప్పేవాళ్ళంటే నాకు గౌరవం. కానీ జీవితమంతా లెక్కల్లో ఇమడదు. హస్తవాసి అనేది ఉంది. ఒక డాక్టరు ఇచ్చిన మందే పనిచేస్తుంది, అదే మందు ఇంకో డాక్టరు ఇస్తే పనిచేయదు. మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వచ్చినప్పుడల్లా టికెట్ మా మనవరాలి చేత తీయిస్తాం. ఆ పిల్ల చేతికి చిన్నదో పెద్దదో ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది. నక్క తోక తొక్కినవాళ్ళు ఉంటారు నాయనా.

టెక్సస్‌లోనే ఒక మహిళ నాలుగుసార్లు లక్షల డాలర్లు గెలిచిందని పేపర్లలో వచ్చింది కదా. అది కూడా ఉత్తి యాదృచ్ఛికమేనా? కాస్త చెప్పండి.

#5 సంభావ్యత (ఆదివారం, ఉదయం 10:05)

అప్పారావు గారూ, మీరు అడిగింది చాలామంది అడిగేదే. ఆ మహిళ సంగతి నిజం. 1993లో లాటరీ డ్రాలో, తర్వాత 2006, 2008, 2010 సంవత్సరాల్లో స్క్రాచ్ టికెట్ల మీద, మొత్తం రెండు కోట్ల డాలర్లకు పైగా గెలిచారు. స్టాన్‌ఫర్డ్‌లో స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేసినావిడ కావడంతో ఏదో రహస్యం కనిపెట్టిందని కథలు పుట్టాయి. ఆవిడ తన పద్ధతి ఎవరికీ చెప్పలేదు. టికెట్లు మామూలు మనిషి ఊహించలేనంత పెద్ద ఎత్తున కొనేవారని మాత్రం తర్వాత పత్రికలు రాశాయి. అన్నేసి టికెట్లు కొనేవాళ్ళు దేశంలో ఇంకా ఉన్నారు. వాళ్ళలో గెలవనివాళ్ళ గురించి ఏ పత్రికా రాయదు.

మీ మనవరాలి చేతి సంగతికి వస్తే, 4లో 1కి ఏదో ఒకటి తగిలే గేమ్‌లో ఎవరి చేతికైనా "తగులుతూనే" ఉంటుంది. తగిలినవి గుర్తుంటాయి, పోయినవి చెత్తబుట్టలోకి వెళ్తాయి. ఇక్కడ ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో ప్రచురించిన ప్రయోగం చెప్పాలి. ఒక ఆఫీసులో ఉద్యోగులకు ఒక డాలరు లాటరీ టికెట్లు అమ్మారు. కొందరు తమ టికెట్ తామే ఎంచుకున్నారు, కొందరికి ఏదో ఒకటి చేతికిచ్చారు. తర్వాత ఎంతకు తిరిగి అమ్ముతారని అడిగితే, ఎంచుకున్నవాళ్ళు సగటున 8.67 డాలర్లు అడిగారు, ఎంచుకోనివాళ్ళు 1.96. రెండు టికెట్ల అవకాశం ఒక్కటే. మన చేత్తో తీశాం అన్న ఒక్క కారణానికి దాని విలువ మన మనసులో నాలుగు రెట్లు దాటింది. బోణీ టికెట్, 9 నంబరు, రూపాయి బిళ్ళ అన్నీ ఇదే పని చేస్తాయి. టికెట్‌ను మార్చవు, టికెట్ మీద మన ధీమాను పెంచుతాయి. ధీమా పెరిగితే రెండో టికెట్ కొంటాం. నాకు బాధ కలిగించేది ఆ రెండో టికెట్టే.

#6 మిస్సిసాగా_రవి (ఆదివారం, మధ్యాహ్నం 12:48)

ఒక్కసారి మాత్రం సిస్టమ్ నిజంగా పనిచేసింది, అది మా టొరంటోలోనే. మోహన్ శ్రీవాస్తవ అని గనుల కోసం భూగర్భ లెక్కలు వేసే స్టాటిస్టిషియన్. 2003లో స్నేహితుడు ఇచ్చిన టిక్-టాక్-టో స్క్రాచ్ టికెట్ ఒకటి ఆయన చేతికి వచ్చింది. ఆ టికెట్ మీద గళ్ళ బోర్డులు ఎనిమిది, వాటిలో నంబర్లు పైకే కనబడేవి. పూత కింద ఉన్న నంబర్లు మాత్రమే దాచినవి. గెలిచే టికెట్లు లెక్క ప్రకారమే ఉండాలి కాబట్టి పైకి కనబడే నంబర్లు కూడా పూర్తిగా ఇష్టమొచ్చినట్టు వేయలేరు, అందులో ఏదో జాడ ఉండితీరాలి అని ఆయన ఆలోచన. వెతికితే దొరికింది. మొత్తం టికెట్ మీద ఒక్కసారి మాత్రమే కనబడే నంబర్లను గుర్తించాలి. అలాంటివి మూడు ఒకే వరసలో పడితే ఆ టికెట్ దాదాపుగా గెలిచేదే. గీకనక్కర్లేదు, చూస్తే చాలు.

ఆయన చేసిన పని నాకు ఎంతో నచ్చుతుంది. రోజుకి 600 డాలర్ల దాకా సంపాదించవచ్చని లెక్క వేసుకున్నారు. తన ఉద్యోగమే అంతకంటే మెరుగని తేల్చుకుని అంటారియో లాటరీ సంస్థకు చెప్పారు. మొదట వాళ్ళు పట్టించుకోలేదు. అప్పుడు గీకని టికెట్లు 20 గెలిచేవి, ఓడేవి అని విడదీసి పంపారు. 19 సరిగ్గా చెప్పారు. వెంటనే ఆ గేమ్‌ను మార్కెట్ నుంచి తీసేశారు. 2011లో వైర్డ్ పత్రికలో ఈ కథ వచ్చింది.

అది శకునం కాదు, అచ్చులో ఉన్న లోపం. లోపం బయటపడగానే ఆ గేమ్ పోయింది. ఇంటర్నెట్‌లో "టికెట్ చూసి గెలుపు చెప్పే ట్రిక్" అని డబ్బుకి అమ్మేవాళ్ళు ఈ కథనే వాడుకుంటున్నారు, వాళ్ళని నమ్మకండి. పనిచేసే ట్రిక్ ఉన్నవాడు దాన్ని 29 డాలర్లకు ఎందుకు అమ్ముతాడు?

#7 ఫ్రిస్కో_శీను (ఆదివారం, మధ్యాహ్నం 2:15)

రవి గారూ, చాలా బాగా చెప్పారు. సంభావ్యత గారూ, నా అసలు ప్రశ్న అలాగే ఉంది. మిగిలిన బహుమతులు చూసి కొనడం అచ్చులో లోపం కాదు, శకునమూ కాదు. ప్రభుత్వమే ఇచ్చే సమాచారం. దానితో లాభం లేదంటారా?

#8 సంభావ్యత (ఆదివారం, సాయంత్రం 4:40)

ఉంది, శీను గారూ. మొత్తం ఈ చర్చలో అర్థమున్న పద్ధతి అదొక్కటే. కానీ అది ఎంత దూరం తీసుకెళ్తుందో ఒక ఊహా గేమ్‌తో చూద్దాం.

10 లక్షల టికెట్లు, ఒక్కోటి 10 డాలర్లు. మొత్తం అమ్మకం కోటి డాలర్లు. అందులో 70 లక్షలు బహుమతులు. నాలుగు పెద్ద బహుమతులు, ఒక్కోటి రెండున్నర లక్షలు, వెరసి 10 లక్షలు. మిగతా 60 లక్షలు చిన్నా చితకా.

సగం టికెట్లు అమ్ముడయ్యాయి. నాలుగు పెద్దవీ అప్పటికే పోయాయనుకోండి. మిగిలిన 50 లక్షల డాలర్ల టికెట్లలో ఉన్నది 30 లక్షల చిన్న బహుమతులు. డాలరుకి 60 సెంట్లు. అదే నాలుగూ ఇంకా ఉన్నాయనుకోండి, 40 లక్షలు. డాలరుకి 80 సెంట్లు. రెంటికీ మధ్య 20 సెంట్ల తేడా ఉంది, అది చిన్న విషయం కాదు. పెద్దవన్నీ అయిపోయిన గేమ్ కొనేవాడు తెలియక డబ్బు పారేసుకుంటున్నట్టే. వర్జీనియాలో ఒక బిజినెస్ ప్రొఫెసర్ 2008లో ఈ విషయం మీదే రాష్ట్ర లాటరీపై దావా వేశారు, పెద్ద బహుమతులు అయిపోయాక కూడా టికెట్లు అమ్మారని. మీరు వెబ్‌సైట్ చూడటం ఈ నష్టాన్ని తప్పిస్తుంది.

కానీ 80 సెంట్లు కూడా నష్టమే. లాభంలోకి రావాలంటే ఇంకా అరుదైన పరిస్థితి కావాలి. పదోవంతు టికెట్లే మిగిలి, నాలుగు పెద్దవీ వాటిలోనే ఉంటే, 10 లక్షల డాలర్ల టికెట్లలో 16 లక్షల బహుమతులు ఉంటాయి. అలా జరిగే అవకాశం సుమారు పదివేలలో ఒకటి. జరిగిందే అనుకుందాం. మిగిలిన లక్ష టికెట్లలో నాలుగు, అంటే మీరు కొనే టికెట్‌కి పెద్ద బహుమతి తగిలే అవకాశం 25,000లో 1. ఆ లక్ష టికెట్లూ ఎల్ పాసో నుంచి బ్యూమాంట్ దాకా రాష్ట్రమంతా స్టోర్లలో చెల్లాచెదురుగా ఉంటాయి. అన్నీ కొనలేరు. కొన్ని కొంటే పెద్దది తగలకుండా పోయే అవకాశమే ఎక్కువ, అప్పుడు మీకు వచ్చేది మళ్ళీ ఆ 60 సెంట్లే.

ఇంకో చిక్కు. వెబ్‌సైట్‌లో "మిగిలింది" అంటే ఎవరూ డబ్బు తీసుకోలేదని అర్థం, అమ్ముడుపోలేదని కాదు. టెక్సస్‌లో గేమ్ మూసేశాక కూడా 180 రోజుల వరకు క్లెయిమ్ చేసుకోవచ్చు. ఆ టికెట్ ఎవరి డ్రాయర్‌లోనో, ఏ లాయరు దగ్గరో ఉండి ఉండొచ్చు. ఎంత శాతం అమ్ముడైందో అంచనా వేయాలంటే పెద్దవి కాదు, చిన్న బహుమతులు ఎన్ని క్లెయిమ్ అయ్యాయో చూడండి. అవి వేలల్లో ఉంటాయి కాబట్టి లెక్క దాదాపు సరిగ్గా వస్తుంది.

#9 ఖమ్మం_కుర్రోడు (ఆదివారం, రాత్రి 8:30)

మేడమ్, రోల్ లెక్క మీద కూడా ఒక మాట చెప్పండి. మా దగ్గర పాత కస్టమర్లు "ప్రతి ప్యాక్‌లో ఇంత గ్యారంటీ ఉంటుంది" అంటారు.

#10 సంభావ్యత (ఆదివారం, రాత్రి 9:02)

తమ్ముడూ, వాళ్ళ మాటలో నిజం ఉంది. చాలా గేముల్లో చిన్న బహుమతులను ప్యాక్‌ల మధ్య సమంగా సర్దుతారు. ఒక ప్యాక్ పూర్తిగా ఉత్తదైతే కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ గొడవ చేస్తారు కాబట్టి. అందువల్ల ఒకే ప్యాక్‌లో వరసగా పోయాక చిన్నది తగిలే అవకాశం కాస్త పెరగొచ్చు. క్యాసినోలో చక్రం తిప్పే ఆట రూలెట్‌లో అలా కాదు, అక్కడ ప్రతి తిప్పూ వేరు. 1913లో మాంటే కార్లోలో వరసగా 26 సార్లు నలుపు పడిందట. ఎరుపు రాక తప్పదని దాని మీద కాసినవాళ్ళు మునిగిపోయారు.

కానీ ఆ "కాస్త" పెరిగేది 5, 10 డాలర్ల బహుమతుల విషయంలోనే. పెద్దవాటికి ప్యాక్ గ్యారంటీ ఉండదు. పైగా ఎన్ని పోయాయో ఎవరికీ తెలియదని మీరే పైన రాశారు. ప్యాక్ మొత్తం కొంటే? హెచ్చుతగ్గులు తగ్గుతాయి, అంతే. పెద్దది తగలకపోతే, సగటు నష్టం ఎంతో దాదాపు కచ్చితంగా అంతో, ఇంకాస్త ఎక్కువో నష్టపోతారు.

#11 ఖమ్మం_కుర్రోడు (ఆదివారం, రాత్రి 11:40)

థ్యాంక్స్ మేడమ్. అయితే నిజంగా చేతిలో ఉన్న జాగ్రత్త ఒకటి చెబుతాను, ఇది ఏ లక్కీ కాయిన్ కంటే ఎక్కువ డబ్బు కాపాడుతుంది. టికెట్ గీకగానే వెనక సంతకం పెట్టండి. స్టోర్‌లో సొంతంగా స్కాన్ చేసుకునే మిషన్ ఉంటుంది, లేదా లాటరీ యాప్ ఉంది. ముందు మీరే చెక్ చేసుకుని అప్పుడు క్లర్క్‌కి ఇవ్వండి. 2009లో ఇక్కడే గ్రాండ్ ప్రెయిరీలో, చెక్ చేయమని ఇచ్చిన పది లక్షల డాలర్ల లాటరీ టికెట్‌ను క్లర్కే నొక్కేశాడు. అంటారియోలో అయితే 2007లో అంబుడ్స్‌మన్ (ప్రభుత్వ సంస్థల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) ఇలాంటి మోసాల మీద ఏకంగా నివేదికే ఇచ్చారు. టికెట్లు అమ్మేవాళ్ళే అంతలేసి బహుమతులు గెలవడం మామూలుగా జరిగేది కాదని టొరంటో యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ రోసెన్‌తాల్ అంతకుముందే లెక్కగట్టి చూపించారు. మాలా స్టోర్లలో పనిచేసేవాళ్ళలో నిజాయితీపరులే ఎక్కువ, కానీ చెక్ చేసుకోవడం మీ హక్కు.

పూత మీద సూదితో గీసినట్టు సన్నటి గీత కనబడితే ఆ టికెట్ తీసుకోకండి. ఎవరో ముందే తొంగిచూశారన్నమాట.

#12 నీలిమ_కె (సోమవారం, ఉదయం 6:55)

నేను ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాసింది లేదు. ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. మా ఇంట్లో ఒకరికి ఈ అలవాటు ముదిరింది. ఎవరన్నది చెప్పను. నోట్‌బుక్‌లో ఏ స్టోర్, ఏ నంబరు, ఏ వారం అని అన్నీ రాసుకునేవారు. పోయినప్పుడు "సిస్టమ్ తప్పు కాదు, నేను సరిగ్గా పాటించలేదు" అనేవారు. సిస్టమ్ అనే మాట ఉన్నంతకాలం మానాలనిపించదు. పోయిన ప్రతి టికెట్టూ పాఠంలా కనబడుతుంది, నష్టంలా కాదు.

ఇంకోటి, "ఒక్కటి తప్పింది" అన్న బాధ. మూడు ఒకేలా పడాల్సిన చోట రెండు పెద్ద బహుమతి గుర్తులు పడి మూడోది వేరేది వస్తుంది. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ వాళ్ళు స్క్రాచ్ కార్డుల మీద దీన్ని పరిశీలించారు. అలా అంచు దాకా వచ్చి పోయినప్పుడు మామూలు ఓటమి కంటే ఎక్కువ చిరాకు, ఇంకోటి ఆడాలన్న కోరిక కలుగుతాయని తేలింది. నిజానికి అది మామూలు ఓటమే, "దగ్గరికి రావడం" అంటూ ఏమీ లేదు. కానీ ఆ రాత్రి ఆ మనిషికి అది చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఉంటే గొడవ పడకండి. 1-800-గ్యాంబ్లర్ అని హెల్ప్‌లైన్ ఉంది, ఇంట్లోవాళ్ళు కూడా ఫోన్ చేయొచ్చు. మాకు అది పనికొచ్చింది.

#13 బెజవాడ_బాబ్జీ (సోమవారం, మధ్యాహ్నం 3:10)

నీలిమ గారూ, ధైర్యంగా రాశారు.

ఇండియాలో ఉన్నవాళ్ళ కోసం ఒక హెచ్చరిక. మన రెండు రాష్ట్రాల్లో లాటరీ లేదు. కానీ స్క్రాచ్ కార్డు పోస్టులో ఇంటికే వస్తుంది. ఎప్పుడో ఆన్‌లైన్‌లో ఏదో కొన్న అడ్రస్‌కి రంగురంగుల కవరు, గీకితే కారు తగులుతుంది. ఫోన్ చేస్తే తెలుగులోనే చక్కగా మాట్లాడి జీఎస్టీ కట్టండి, రిజిస్ట్రేషన్ కట్టండి అంటారు. అక్కడ ప్రతి కార్డూ గెలిచేదే, ఎందుకంటే గెలుపే ఎర. మా వీధిలో ఒక పెద్దావిడ "శుక్రవారం పూట లక్ష్మి వచ్చింది" అని డబ్బు పంపడానికి సిద్ధమయ్యారు. శకునం మీద నమ్మకం అలాంటి చోట ప్రమాదం. ఇలాంటిది ఎదురైతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఫోన్ పేమెంట్ యాప్‌లలో వచ్చే స్క్రాచ్ కార్డు వేరు, దానికి మన జేబులోంచి డబ్బు పోదు. కానీ "బెటర్ లక్ నెక్స్ట్ టైమ్" చూసి చూసి పిల్లలకు గీకడం అలవాటవుతోంది, అది నాకు నచ్చదు.

#14 అప్పారావు_శ్రీకాకుళం (సోమవారం, రాత్రి 7:45)

అందరూ చెప్పింది శ్రద్ధగా చదివాను. నీలిమ తల్లీ, మీ ఇంటాయనో మరెవరో, త్వరగా కోలుకోవాలని మా సింహాచలం అప్పన్నకు మొక్కుకుంటాను.

హస్తవాసి మీద నా నమ్మకం మారదు. అయితే ఒకటి ఒప్పుకోవాలి, మనవరాలి చేత తీయించేది ఆ పిల్ల నవ్వు కోసమే గానీ డబ్బు కోసం కాదు. పండక్కి ఒకటి, పుట్టినరోజుకి ఒకటి, అంతే. అయినా పిల్లల చేత ఈ పని చేయించకూడదని బాబ్జీ గారి మాటతో నాకూ అనిపిస్తోంది. అమ్మాయితో మాట్లాడతాను.

#15 ఆస్టిన్_స్టూడెంట్ (సోమవారం, రాత్రి 10:20)

అన్నా, చిన్న డౌట్. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి పెద్దది తగిలితే మొత్తం చేతికి వస్తుందా?

#16 సంభావ్యత (సోమవారం, రాత్రి 10:58)

రాదు. ఎఫ్-1 వాళ్ళు మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలూ పన్ను లెక్కలో నాన్-రెసిడెంట్ కింద ఉంటారు. లాటరీ బహుమతి మీద 30 శాతం ఫెడరల్ పన్ను పట్టుకుంటారు. భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందంలో దీనికి మినహాయింపు లేదు. రెసిడెంట్లు కొంత షరతులతో పోయిన టికెట్ల డబ్బును గెలుపులోంచి తగ్గించి చూపుకోవచ్చు, నాన్-రెసిడెంట్లకు ఆ వీలు కూడా లేదు. పైన నేను వేసిన 60 సెంట్లు, 80 సెంట్ల లెక్క పన్నుకు ముందుది. నీ విషయంలో పెద్ద బహుమతి భాగం ఇంకా తగ్గించి వేసుకో.